పేషెంట్ తాలూకు ఎవరు?

నర్సింగ్, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, హెల్త్ సాఫ్ట్‌వేర్ చదివి ఈ రోజు పట్టభద్రులవుతున్న పిల్లలందరికీ అభినందనలు.

మన ఆసుపత్రుల్లో అర్ధరాత్రి వినపడే కేక ఒకటుంది: "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" మందుల చీటీ ఇవ్వాలన్నా, రక్తం తెప్పించాలన్నా, అడ్వాన్సు కట్టించాలన్నా, ఆపరేషన్ కాగితం మీద సంతకం కావాలన్నా ఆ కేకే. బయట కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మనిషి ఉలిక్కిపడి లేచి పరుగెత్తుతాడు. పని కాగానే తలుపు మళ్లీ మూసుకుంటుంది. డబ్బుకీ సంతకానికీ అక్కరకొచ్చిన మనిషికి రోగి పక్కన నిలబడే అర్హత మాత్రం ఉండదు. ఈ రోజు చెప్పుకోవాల్సింది ఆ తలుపు గురించి.

మనం కూర్చున్న ఈ హైదరాబాద్ మాదాపూర్‌కు ఈ సంగతి మరీ దగ్గరిది. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం తెరిచాక ఇక్కడికి ఉద్యోగాలకొచ్చిన కుర్రవాళ్ల తల్లిదండ్రులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. ఊళ్లో ఇంటికి తాళం వేసి కావూరి హిల్స్‌లోనో, అయ్యప్ప సొసైటీలోనో పిల్లల దగ్గర ఉంటున్నవాళ్లున్నారు. పిల్లలు డల్లాస్ వెళ్లిపోతే కేర్‌టేకర్ చేతుల మీద రోజులు వెళ్లదీస్తున్నవాళ్లూ ఉన్నారు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది.

అలాంటి పెద్దాయన ఒకరిని రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి తెచ్చారనుకోండి. ట్రాలీ లోపలికి పోతుంది. "అటెండెంట్లు బయటే ఉండాలి" అంటాడు సెక్యూరిటీ. కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి కూతురి చేతికిస్తారు, పోకుండా ఉండాలని. ఇక లోపల ఆయనకు మొహాలు కనపడవు, మాటలు వినపడవు, తను చెప్పబోయేది నోట పలకదు. సూది గుచ్చబోతే చెయ్యి విదిలిస్తాడు. కేస్ షీట్‌లో 'సహకరించడం లేదు' అని చేరుతుంది. కాసేపటికి బ్యాండేజీ గుడ్డతో రెండు మణికట్లూ మంచం కడ్డీకి కట్టేస్తారు. బయట కూతురి దగ్గర ఆ కవరే కాదు, ఇంకా చాలా ఉంది. రాత్రి అన్నం ముట్టకుండానే ఇన్సులిన్ వేసుకున్నాడని ఆమెకు తెలుసు. పోయినేడు ఏ ఇంజెక్షన్‌కు ఒళ్లంతా దద్దుర్లు లేచాయో తెలుసు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి 'నాన్నా' అంటే ఎంత బెదిరినా నెమ్మదిస్తాడని తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు.

తీసుకొచ్చింది కేర్‌టేకర్ అమ్మాయి అయితే ఇంకా కష్టం. "నువ్వు ఆయనకేమవుతావు?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

కరోనా కాలంలో ఈ తలుపు మరింత గట్టిగా బిగుసుకుంది. 2020లో గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన టవర్ టిమ్స్ ఆసుపత్రిగా మారింది. గాంధీ ఆసుపత్రి మొత్తం కొవిడ్ రోగులకే కేటాయించారు. ఆ జూన్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి నుంచి ఒక యువకుడు ఊపిరి ఆడటం లేదని చెబుతూ, తండ్రికి సెల్‌ఫోన్ వీడియోలో వీడ్కోలు పలికి కన్నుమూశాడు. వైద్యంలో లోపం లేదని ఆసుపత్రి అధికారులు అన్నారు. ఆ వివాదం అలా ఉంచి ఒక్క సంగతి చూడాలి: కొడుకు ఆఖరి మాట తండ్రికి చేరింది ఫోన్ తెర మీద. ఒక అంటువ్యాధి రోజుల్లో అది తప్పలేదనుకున్నా, అంటువ్యాధి లేని రోజుల్లో కూడా తలుపు అలాగే ఎందుకు ఉంది?

బ్రిటన్‌లో ఈ ప్రశ్న ఒక కూతురు వేసింది. నవలా రచయిత్రి నిక్కీ గెరార్డ్ తండ్రి డాక్టర్ జాన్ గెరార్డ్‌కు డిమెన్షియా. 2014 ఫిబ్రవరిలో కాలి పుండ్లతో ఆసుపత్రిలో చేరారు. వార్డులో నోరోవైరస్ వచ్చిందని కుటుంబాన్ని రానివ్వలేదు. ఐదు వారాల తరువాత ఇంటికి వచ్చిన మనిషి నడవలేడు, మాట కూడబలుక్కోలేడు. ఆ నవంబరులోనే పోయారు. ఆ నెలలోనే నిక్కీ, ఆమె స్నేహితురాలు జూలియా జోన్స్ కలిసి 'జాన్స్ క్యాంపెయిన్' మొదలుపెట్టారు. సంరక్షకుడు చూసిపోవడానికి వచ్చిన చుట్టం కాదన్నది వారి వాదన. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప దగ్గరివాళ్లను ఆపకూడదనే నిబంధన అమలులోకి వచ్చింది.

ఇది మనకు అరువు తెచ్చుకోవాల్సిన ఆలోచన కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగులతో పాటే ఉంచారు. చిత్తూరు జిల్లా జనం తరతరాలుగా వెళ్లే వెల్లూరు సీఎంసీలోనూ మానసిక రోగి పక్కన ఇంటివాళ్లు ఉండే పద్ధతి అప్పటినుంచే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లో చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మైనర్‌ను చేర్చుకుంటే నామినేటెడ్ ప్రతినిధి గానీ, ఆ ప్రతినిధి నియమించిన అటెండెంట్ గానీ ఆసాంతం దగ్గరే ఉండాలంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకుడికి నిర్వచనమే ఉంది. డబ్బు తీసుకుని చూసుకునేవాళ్లు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. కేర్‌టేకర్ అమ్మాయికి చట్టం ఇచ్చిన గుర్తింపు క్యాజువాలిటీ గుమ్మం దాకా రాలేదు.

అయితే జనం లోపలికొస్తే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయనే భయం ఉంది. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఇంటివాళ్లను రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చినా ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, సిబ్బంది అలసట పెరగలేదు. రోగుల్లో మతిభ్రమ (డెలీరియం) కూడా చెప్పుకోదగ్గంతగా తగ్గలేదన్నది నిజం. కానీ ఇంటివాళ్ల ఆందోళన తగ్గింది. పసిపిల్లల విషయంలో లాభం ఇంకా స్పష్టం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను వెంటనే తల్లి గుండెకు హత్తించి, తల్లీబిడ్డలను ఒకే యూనిట్‌లో ఉంచితే మరణాలు పావు వంతు తగ్గాయని 2021లో ఐదు దేశాల అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనం జరిగిన ఆసుపత్రుల్లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఒకటి.

డాక్టర్లకు ఇంకో భయం ఉంది, అదీ నిజమే. 2020 జూన్‌లోనే గాంధీలో జూనియర్ డాక్టర్‌పై రోగి బంధువులు దాడి చేస్తే సహచరులు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. దాడికి సమర్థన లేదు, ఉండకూడదు. పదిమంది గుంపుగా లోపలికి రావాలని ఎవరూ అడగటం లేదు. ఒక్కరు చాలు. లోపల జరుగుతున్న ప్రయత్నాన్ని కళ్లారా చూసిన ఆ ఒక్కరే బయట ఉన్న పదిమందికి నచ్చజెప్పగలరు. ఊపిరి పోసే క్షణంలో పక్కకు జరగమంటే జరుగుతారు, పని అయ్యాక తిరిగి పిలిస్తే వస్తారు.

ఈ హాలు నుంచి కొందరు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రాయడానికి వెళతారు. అడ్మిషన్ స్క్రీన్ మీద అటెండెంట్ ఫోన్ నంబరుకు, బిల్లు కట్టేదెవరో రాయడానికి గడులుంటాయి. రోగిని రోజూ చూసుకునేదెవరు, ఆయన మాట ఎవరికి అర్థమవుతుంది, దేనికి బెదురుతాడు అని అడిగే గడి కూడా పెట్టండి. అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లేవాళ్లు సెక్యూరిటీ గార్డుకు రాతపూర్వకంగా చెప్పండి: పసిపిల్లలు, వృద్ధులు, మాట రానివాళ్లు, మతి నిలవనివాళ్లు వస్తే వెంట ఒకరిని ఆపవద్దని. గార్డు మీద కోపం తెచ్చుకోకండి, అతనికి మనం చెప్పిందే అతను చెబుతున్నాడు.

నర్సులయ్యే అమ్మాయిలూ అబ్బాయిలూ, మీ మొదటి నైట్ డ్యూటీలో "పేషెంట్ తాలూకు ఎవరు?" అని తప్పకుండా కేకేస్తారు. ఆ మనిషి పరుగెత్తుకొచ్చాక చీటీ చేతికిచ్చి పంపేయకండి. లోపలికి తీసుకురండి. ఆ కవరులోంచి కళ్లజోడు తీసి పెద్దాయనకు పెట్టమనండి, చెవి మిషన్ పెట్టమనండి, ట్రాలీ పక్కన ఒక స్టూలు వేయించండి.