స్కౌటు దళమునకు తగిన పేరు

పాఠశాలలో క్రొత్తగా స్కౌటు శిక్షణ ఆరంభమైన దినముననే ఉపాధ్యాయునకు ఒక చిన్న ప్రశ్న ఎదురగును. ముప్పదిమంది బాలురను నాలుగు దళములుగా విభజించవలెను. ఒక్కొక్క దళమునకు ఒక పేరు పెట్టవలెను. ఏ పేర్లు పెట్టుట? గంట మ్రోగుటకు పది నిమిషములు మాత్రమే మిగిలియుండును. పులి, సింహము, ఏనుగు, చిరుత అని నల్లబల్లపై వ్రాసి, వరుసగా పంచిపెట్టినచో పని ముగియును. కాని పేరు పెట్టుటవలన పిల్లలకు కలుగవలసిన మేలు ఆ పది నిమిషములలోనే చేజారిపోవుననుట మా అభిప్రాయము. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాఠశాలలను దృష్టియందుంచుకొని ఈ విషయమును కొంచెము విచారింతము.

దళమనునది ఆరుగురు మొదలు ఎనమండ్రు వరకు గల చిన్న జట్టు. ఇంగ్లీషున దీనిని పట్రోలు అందురు. గుడారము వేయుట, వంట చేయుట, ఆటలాడుట, జాతరలో తప్పిపోయిన బిడ్డను తల్లికడకు చేర్చుట, ఇవన్నియు దళము దళముగనే జరుగును. దళమునకు పేరుతోబాటు ఒక చిన్న పతాకము, ఒక కూత ఉండును. ఒక దళము కూతను మరియొక దళమువారు వాడరాదు. చీకటిలోనో, గుట్ట మాటుననో ఉన్నప్పుడు ఆ కూతతోనే వారు ఒకరినొకరు గుర్తించుకొందురు. నేలపై దారిగుర్తులు పెట్టిన నాయకుడు సంతకమునకు బదులు తన దళపు జంతువు తలను గీయును. కావున ఆ పేరు హాజరుపట్టీలో వ్రాసి మరచిపోదగినది కాదు. పిల్లవాడు దానిని కూయవలెను, గీయవలెను, భుజముపై ధరింపవలెను.

ఈ ఆచారము పుట్టిన తీరు గమనింపదగినది. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ దొర ఇంగ్లండు దక్షిణ తీరమునందలి బ్రౌన్‌సీ దీవిలో సుమారు ఇరువదిమంది బాలురతో మొదటి శిబిరమును నడపెను. వారిలో కొందరు సంపన్నుల బిడ్డలు, పేరుపొందిన విద్యాలయములలో చదువువారు. మరికొందరు సమీపపు పట్టణములలోని శ్రామికుల బిడ్డలు. ఆ దినములలో ఆ దేశమున ఈ రెండు వర్గముల పిల్లలు ఒక పంక్తిని కూర్చుండుట అరుదు. పవెల్ దొర వారిని కలిపివేసి నాలుగు దళములు చేసెను. తోడేళ్ళు, ఎద్దులు, మన మాలకాకిని పోలిన రేవెనులు, నీటి యొడ్డున తిరుగు కర్ల్యూ పక్షులు, ఇవి వాటి పేర్లు. ఒక్కొక్క దళమునకు ఒక్కొక్క రంగు ముడి భుజముపై కట్టించెను. శిబిరము జరిగినన్ని దినములు, నీ తండ్రి ఎవరను ప్రశ్నకు బదులు నీ దళమేది అను ప్రశ్న వినబడెను. పేరునకు గల మొదటి ప్రయోజనము ఇదియే.

మన దేశమునకు స్కౌటు ఉద్యమము 1909 లో వచ్చినది. మొదట దానియందు ఐరోపావారి బిడ్డలకును, ఆంగ్లో ఇండియను బిడ్డలకును తప్ప ప్రవేశము లేకుండెను. అందుచే 1916 లో మదరాసున అనిబిసెంటు, అరండేలు గారలు భారతీయ బాలురకై వేరొక సంఘమును స్థాపించిరి. ఉత్తరదేశమున మాలవీయ, కుంజ్రూ, శ్రీరాం బాజపేయి గారలు సేవాసమితి స్కౌటు సంఘమును నెలకొల్పిరి. స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 7 న స్కౌటు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. 1951 లో బాలికల గైడు సంఘము దానిలో చేరినది. ఇట్లు సంఘము మనదైనది, ప్రతిజ్ఞ మనదైనది. కాని చాల చోట్ల దళముల పేర్లు మాత్రము పరాయి పట్టికలనుండియే వచ్చుచున్నవి.

పట్టిక పరాయిదైనచో చిక్కేమి? 1908 లో వెలువడిన పవెల్ దొర గ్రంథమున గుడ్లగూబ, నక్క, కోకిల దళములు కలవు. ఆ దేశమున గుడ్లగూబ వివేకమునకు గుర్తు. మన ఊళ్ళలో అది ఇంటిపై వాలినచో ముసలివారు శాంతి చేయింతురు. వారి నక్క చురుకైనది. మన నక్క వినయములు అందరెరిగినవే. ఇంగ్లీషువారు తలతిరిగినవానిని కోకిలయని వెక్కిరింతురు. మన కోకిలను మెచ్చని కవి లేడు. జంతువు ఒకటే యైనను, ఒడ్డు దాటగానే పేరు రుచి మారును. ఇక పులి సింహముల మాట. అడవి సింహము మన దేశమున గుజరాతులోని గిర్ ప్రాంతమున తప్ప లేదు. పులి నల్లమలలో ఉన్నది గాని ఆదోని చేలలో లేదు. సింహదళపు బాలుడు తన సింహమును సినిమాలోనే చూడవలెను.

ఎద్దు విషయము వేరు. బ్రౌన్‌సీ పేర్లలో ఈ ఒక్కటి మన నల్లరేగడి నేలకు చక్కగా అమరును. పొలమున దున్ని, బండి లాగి, జాతరలలో బండలాగుడు పందెములలో నిలిచిన కోడెను ఎరుగని పిల్లవాడు ఈ ప్రాంతమున లేడు. ఆదోని కోట గుట్టలలో బండలనడుమ తిరుగు నెమలి, కంచెల మాటున కూయు కౌజు, మేడలపై చుట్టు తిరుగు గ్రద్ద, వేపచెట్టు తొర్రలోని రామచిలుక, ఇవన్నియు దళములకు పేర్లు కాదగినవే. వీనిని చూచుటకు రైలెక్కనక్కరలేదు. ఆదివారము ఉదయమున నడచినచో చాలును.

ఎమ్మిగనూరు వారికి మేము ప్రత్యేకముగ సూచించు పేరు గిజిగాడు. మాచాని సోమప్పగారు 1938 లో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన ఊరు అది. అచటి వీధులలో మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన పిల్లలకు ఈ పిట్ట పని విడమరచి చెప్పనక్కరలేదు. మగపిట్ట గడ్డి ఆకులనుండి, వరి ఆకులనుండి సన్నని పీలికలు చీల్చి తెచ్చి, ముక్కుతో ముడులు వేసి, నీటిపై వ్రేలు కొమ్మలకో, తుమ్మచెట్లకో గూడు అల్లును. గూడు సగమైనప్పుడు ఆడుపిట్ట వచ్చి పరీక్షించును. నచ్చినచో మిగిలిన సగము పూర్తియగును. నచ్చకున్నచో మగపిట్ట దానిని విడిచి మరియొకటి మొదలుపెట్టును. సగము నేసినదానిని విడిచి మరల పడుగు కట్టుటయనగా ఎట్టిదో నేతవారికే తెలియును. స్కౌటునకు ఇంతకు మించిన పాఠము ఉన్నదా?

అయితే ఇచట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. గిజిగాడు దళములో నేతవారి బిడ్డలను, కోడె దళములో రైతు బిడ్డలను, గ్రద్ద దళములో వర్తకుల బిడ్డలను చేర్చినచో పేరు పెట్టిన ఫలమంతయు మట్టిపాలగును. కులమునకు మరియొక పేరు తగిలించినట్లగును. మిల్లు కూలివాని కుమారుడు, గొఱ్ఱెల కాపరి కుమారుడు, దుకాణదారుని కుమారుడు ముగ్గురును గిజిగాళ్ళే కావలెను. వీధుల పేర్లు, పెద్దల పేర్లు, పార్టీ నాయకుల పేర్లు దళములకు వలదని మేము చెప్పుటకు ఇదియే కారణము. మనిషి పేరు పెట్టినచో, ఆయన మావాడు, మీవాడు కాడు అను మాట ఏదో ఒకనాడు పుట్టును. పిట్ట ఎవరివాడును కాదు.

భాష సంగతియు ఆలోచింపవలెను. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండెను. నేటికిని అచటి బడులలో తెలుగు, కన్నడము, ఉర్దూ ఇంట మాటలాడు పిల్లలు ఒకే బల్లపై కూర్చుందురు. తెలుగువారి జింక కన్నడిగునకు జింకె, గిజిగాడు గీజగ. ఉర్దూ మాటలాడు బాలునకు అవి హిరను, బయా. పేరు ఎన్నుకొనునప్పుడు మూడు భాషలవారి నోటను తేలికగా పలుకునదియేనా యని ఒకసారి పలికించి చూడవలెను. ఇక కూత విషయమున ఈ చిక్కే లేదు. నెమలి తెలుగులో ఒక విధముగను, ఉర్దూలో మరియొక విధముగను కూయదు. దళపు కూత ఆ ఎనమండ్రకును సమముగ తెలిసిన మొదటి భాష.

ఇంతకును పేరును ఎన్నుకొనవలసినది ఎవరు? ఉపాధ్యాయుడు కాదు, పిల్లలే. రెండు వారములు గడువిచ్చి, చుట్టుప్రక్కల తిరిగి, తాము చూచినవానిని, విన్నవానిని వ్రాసుకొని రమ్మనవలెను. తరువాత దళమంతయు కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని మన ఊరి పరిసరములలో చూడగలమా? దీని కూతను అనుకరింపగలమా? దీని బొమ్మను నాలుగు గీతలలో గీయగలమా? ఈ పేరుతో మనలో ఎవరినైనను వెక్కిరించుటకు వీలున్నదా? నాలుగవ ప్రశ్నకు అందరికంటె చిన్నవాడు ముందు జవాబు చెప్పవలెను. ఏలయన వెక్కిరింత మొదట తగులునది వానికే.

ఒక్కొక్కప్పుడు మంచి పేరే తగవు తెచ్చును. కృష్ణజింకను తీసికొందము. నల్లని వీపు, తెల్లని పొట్ట, మెలిదిరిగిన కొమ్ములు గల ఈ మృగము మన రాష్ట్రజంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని చంపరాదని శాసించుచున్నది. కర్నూలు జిల్లా పడమటి చేలలో అది మందలుగ తిరుగును. పట్టణపు బాలుడు సంతోషముతో ఆ పేరు కోరును. కాని మొలకెత్తిన పైరును జింకలు మేసిపోయిన రైతు కుమారుడు అదే దళములో ఉన్నచో, ఆ పేరు వాని చెవికి ఎట్లు వినబడును? గొఱ్ఱెపిల్లలను పోగొట్టుకొన్న కాపరి బిడ్డకు తోడేలు పేరు ఎట్లుండును? అట్టి పేరును వెంటనే త్రోసివేయుమని మేము చెప్పుట లేదు. ఆ బాలుని ఇంటికి దళమంతయు పోయి, తండ్రి చెప్పునది వినవలెను. నష్టమెంతయో చేనిలో చూడవలెను. జింకకు మేతనేల ఎట్లు తరిగిపోయినదో కూడ తెలిసికొనవలెను. ఆ మీదట ఆ రైతు బిడ్డయే సరే అన్నచో పేరు నిలుచును. వద్దన్నచో మానవలెను. ఈ విచారణయే వారికి నెల దినముల శిక్షణ యగును.

తీతువు సంగతియు ఇట్టిదే. అది కూసినచో కీడని పెద్దలందురు. నేలపై గుడ్లు పెట్టు ఆ పిట్ట, రాత్రియనక పగలనక, ఎవరు దరిజేరినను కేకలు వేసి హెచ్చరించును. కావలివానికి ఇంతకంటె తగిన పేరు లేదు. అయినను ఇంటివారు నొచ్చుకొనునట్లు పేరు రుద్దరాదు. పిల్లలు ఆ పిట్టను కొన్నాళ్ళు గమనించి వచ్చి, చూచినది చెప్పినచో, పెద్దలే మనసు మార్చుకొనవచ్చును.

గైడు బాలికల దళములకు పూల పేర్లు పెట్టుట ఆచారము. గులాబి, తామర, మల్లె అంతటను ఉన్నవి. ఆదోని బాలికలు ప్రత్తిపూవును ఏల ఎన్నుకొనరాదు? చేనిలో మొదటి దినమున వెలిసిన పసుపుదనముతో విచ్చి, మరునాటికి గులాబిరంగునకు తిరుగు పూవు అది. వేలాది కుటుంబముల కూడు ఆ పూవునందే కలదు. తంగేడు మరియొకటి. ఆ బాలికలు గిజిగాడుననో, గ్రద్దననో కోరినచో కాదనుటకు మాకు కారణమేదియు కనబడుట లేదు.

పేరు పెట్టినంతమాత్రమున బాధ్యత తీరదనుటకు బట్టమేకపిట్ట సాక్షి. మీటరు ఎత్తుండు ఈ పెద్ద పక్షికై 1988 లో నాటి కర్నూలు జిల్లాలో, నేడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడున అభయారణ్యము ఏర్పడినది. గడ్డినేలలు తరుగుటవలనను, వేటవలనను, విద్యుత్తు తీగలకు తగిలి కూలుటవలనను ఆ జాతి క్షీణించినది. నేడు దేశమంతటను రెండువందలకు లోపుగనే మిగిలినది. రోళ్ళపాడున అది కనబడుట మిక్కిలి అరుదైనది. పక్షి పోయినను పేరు మిగులును. కాని కూత నేర్పువారు ఉండరు. దళము తన పేరిటి ప్రాణి ఎచట గూడు కట్టునో, ఏమి తినునో, ఏటేట హెచ్చుచున్నదో తగ్గుచున్నదో ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెను. పెద్ద పిల్లలు బడి విడిచిపోవునప్పుడు ఆ పుస్తకమును చిన్నవారికి అప్పగింపవలెను. ఉపాధ్యాయుడు మారినప్పుడెల్ల పేరు మార్చరాదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి. మీ అబ్బాయి, అమ్మాయి స్కౌటులో గాని గైడులో గాని ఉన్నచో, నీ దళము పేరేమి, ఆ ప్రాణిని ఎక్కడ చూచితివి అని ఈ రాత్రి భోజనము వేళ అడుగుడు. జవాబు రాకున్నచో కోపపడవలదు. వానలు పడగానే కాలువ గట్లవెంట, బావులపై వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లనారంభించును. ఒకనాటి ఉదయమున బిడ్డను వెంటబెట్టుకొని అటు పొండు.