కుళాయి నీరా, క్యాను నీరా?
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కొన్నేండ్ల క్రిందట నల్లగొండ జిల్లా గ్రామమునుండి ఒక తల్లి తన పదేండ్ల కుమారుని దంతవైద్యులమైన మావద్దకు తీసికొని వచ్చినది. బాలుని ముందుపండ్లపై గోధుమరంగు చారలుండెను. "వీడు పండ్లు సరిగా తోముకొనడు, మీరైనను గట్టిగా చెప్పండి" అని ఆమె కోరినది. పరీక్షించి చూడగా తప్పు బాలునిది కాదని తేలినది. తప్పు వాడు పసితనమున త్రాగిన బోరు నీటిది. బొగ్గుతో తోమినను, ఇటుకపొడితో తోమినను ఆ చారలు పోవు. అవి పంటికంటిన మురికి కావు. పన్ను చిగురులో రూపొందుచున్న కాలముననే దాని పైపొరలో ఏర్పడిన లోపము.

ఈ లోపమునకు కారణము ఫ్లోరైడు. గ్రానైటు రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఇది కరగి చేరును. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి 1937లోనే, నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లానుండి వైద్యులు ప్రకటించిరి. అయినను ఫ్లోరైడు కేవలము విషమని తలంపరాదు. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరమున 1945లో పిప్పిపండ్ల నివారణకై కుళాయి నీటిలో దీనినే కొలత ప్రకారము కలుప నారంభించిరి. కొద్దిగా ఉన్న పంటికి బలము. మితిమీరిన పంటికి మచ్చ, ఏండ్ల తరబడి త్రాగిన ఎముకలకు వంకర. భారత ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతింపబడినది.

ఇక మీరు తరచుగా అడుగు ప్రశ్నకు వత్తము: పిల్లల పండ్లకు కుళాయి నీరు మంచిదా, క్యాను నీరు మంచిదా? కుళాయి, క్యాను అనునవి నీరు వచ్చు దారులే కాని నీటి గుణములు కావు. తేటగా నుండుట, తీయగా నుండుట ఫ్లోరైడు లేదనుటకు గుర్తులు కావు. శుద్ధిచేసిన కృష్ణానది నీరు మీ ట్యాంకునకు చేరుచున్నచో ఆ కుళాయి నీటిని నిర్భయముగా వాడవచ్చును. నదీజలమున ఫ్లోరైడు సాధారణముగా స్వల్పము. కాని గొట్టము పగిలిన దినమున అదే ట్యాంకులోనికి బోరు నీటిని ఎక్కించినచో, పాత కీడు కొత్త కుళాయిగుండా ఇంటికి వచ్చును. క్యాను నీటి సంగతియు నంతే. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును చాలవరకు తొలగించును. కాని దానిలోని పొర పాడైనను మార్చనిచో పేరు మాత్రమే మిగులును. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు తగ్గదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. గుడ్డతో వడకట్టినను ప్రయోజనము లేదు.

కావున పంచాయతీ సభ్యులు చేయవలసిన పనులు కొన్ని గలవు. మొదటిది, గ్రామమునందలి ప్రతి బోరును, ట్యాంకును, క్యాను నీటి కేంద్రమును కనీసము ఏటికొకసారి పరీక్ష చేయించి, వచ్చిన అంకెను పంచాయతీ గోడపై అందరికి కనబడునట్లు వ్రాయించుడు. రెండవది, ఫ్లోరైడు హెచ్చుగా నున్న బోరునకు ఎఱ్ఱరంగు వేయించి, త్రాగుటకు పనికిరాదని తెలియజేయుడు. ఆ నీటిని త్రాగునీటి ట్యాంకునకు ఎక్కింపకుడు. మూడవది, ఆర్.ఓ. యంత్రమునుండి వెలువడు వ్యర్థజలమున ఫ్లోరైడు మరింత చిక్కగా నుండును. దానిని బావులలోనికి, ఇంకుడు గుంతలలోనికి పోనీయకుడు. నాలుగవది, అంగన్‌వాడి, పాఠశాలల నీటిని అన్నిటికంటె ముందు పరీక్షింపుడు. ముందుపండ్లకు మచ్చ పట్టుట ఎనిమిదేండ్లలోపు త్రాగిన నీటినిబట్టియే జరుగును. ఆ వయస్సు దాటిన పిదప ఎంత మంచినీరిచ్చినను పోయిన మెరుగు తిరిగి రాదు.

ఇంటింట చెప్పవలసిన మాట యొకటి గలదు. మంచినీరు దొరికినంత మాత్రమున పండ్లు తోముట మానరాదు. ఫ్లోరైడు పేస్టుతో దినమునకు రెండుమారులు తోముకొనవలెను. మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేండ్లవరకు బఠాణీ గింజంత పేస్టు చాలును; దానిని మ్రింగక ఉమ్మివేయుట నేర్పవలెను.

నాటి తల్లి తన బిడ్డను నిష్కారణముగా మందలించినది. ఆమెకు నీటి అంకె చెప్పినవారు లేరు. మీ గ్రామమున ఏ తల్లియు అట్లు పొరబడకుండుగాక! ఇంటికి మరలిన పిమ్మట మీ కుళాయి నీటి అంకె యెంత, క్యాను నీటి అంకె యెంత అని అడుగుడు. జవాబు దొరకనిచో, రాబోవు పంచాయతీ సమావేశమున చర్చింపవలసిన మొదటి విషయము అదియే.