మాటకు తోడు మాట
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు: మన పిల్లలు మూడు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇంటి తెలుగు వలననే ఇంగ్లీషు చెడుచున్నదని మీలో కొందరి భయము. ఆ భయమునకు మూలమైన తప్పు నొకదానిని పరిశీలింతము.

తెలుగున తప్పు చేయుదుము, లెక్క చేయుదుము, స్నానము చేయుదుము. క్రియ యొక్కటే. ఇంగ్లీషున మిస్టేకునకు 'మేక్', సమ్మునకు 'డూ', బాతునకు 'టేక్' తోడు. 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అని వ్రాసిన బాలునకు మాటలు తెలియును. వాని జోడు తెలియదు. అట్లే పెద్ద వాన 'హెవీ రెయిన్', పెద్ద గాలి 'స్ట్రాంగ్ విండ్' అగును. హెరాల్డ్ పామర్ అను ఆంగ్ల భాషాబోధకుడు ఇట్టి జోడులను వర్గీకరించి, 1933లో టోక్యోలో ఒక నివేదికగా ప్రకటించెను.

తెలుగున మాత్రము ఇట్టి జోడులు లేవా? తాళము వేయుదుము, ముగ్గు వేయుదుము. దీపము పెట్టుదుము, పేరు పెట్టుదుము. కారణ మడిగిన నేమి చెప్పగలము? వాడుకయే ప్రమాణము. ఈ సంగతి తన భాషలో గ్రహించిన బిడ్డ పరభాషలోను మాటకు తోడును వెదకును.

కావున విడిమాటలు వల్లె వేయింపకుడు. 'రెయిన్' అని కాక 'దేర్ వాజ్ హెవీ రెయిన్ లాస్ట్ నైట్' అని వాక్యముగా చదివింపుడు. పిమ్మట 'రాత్రి పెద్ద వాన కురిసినది' అని తెలుగున చెప్పింపుడు. రెండింటి భేదమును బిడ్డయే కనిపెట్టును. ఇంగ్లీషు కొరకై ఇంటి తెలుగును మాన్పింపకుడు.