మోటారు యాట్‌కు హైడ్రాలిక్ ఆటోపైలట్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశంలో ఉన్న అబ్బాయి మోటారు యాట్ కొన్నాడనీ, ఏ ఆటోపైలట్ పెట్టించాలనీ మన మిత్రులొకరు అడిగారు. నలుగురికీ పనికివస్తుందని ఇక్కడే చెబుతున్నాను.

దుకాణంవారు పడవ పొడవు అడిగి పెట్టె చేతిలో పెడతారు. అది చాలదు. చుక్కాని తిప్పే హైడ్రాలిక్ సిలిండరులో ఎంత నూనె పడుతుందో చూడాలి. 250 ఘన సెంటీమీటర్లు అనుకోండి. చుక్కాని ఈ కొస నుంచి ఆ కొసకు 12 సెకన్లలో తిరగాలంటే పంపు నిమిషానికి 1,250 ఘన సెంటీమీటర్లు తోయాలి. పంపు చిన్నదయితే చుక్కాని ఆలస్యంగా తిరిగి పడవ మెలికలు పోతుంది. మరీ పెద్దదయితే చుక్కాని కుదుపులతో అటూ ఇటూ కొట్టుకుంటుంది.

బిగించాక గొట్టాల్లో గాలి మిగలకూడదు. నొక్కితే నూనె కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. చుక్కానికి పట్టు పోతుంది. గాలి తీయడం ఓపికతో చేయవలసిన పని. మెకానిక్ తొందరపడితే ఒప్పుకోవద్దు. ఆటోపైలట్ దిక్సూచిని ఇంజనుకు, స్పీకర్లకు, ఇనుప సామానుకు దూరంగా పెట్టించాలి.

యంత్రం దిక్కు పట్టుకుంటుందే గాని, ఎదురొచ్చే చేపల పడవను చూడదు. సముద్రంలో ఢీకొనకుండా ఏర్పరచిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల్లో అయిదవది, ఎల్లవేళలా చుట్టూ గమనిస్తూ ఉండాలంటుంది. ఆటోపైలట్‌ను ఆపే మీట స్టీరింగు దగ్గరే, చేతికందేలా ఉందో లేదో చూసుకోమని అబ్బాయికి చెప్పండి.