ప్రేమను చట్టం శాసించగలదా?

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించీ, డి.ఎ. బకాయిల గురించీ ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను చైనా గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఆ దేశం నేను వెళ్ళి చూసింది కాదు. రిటైరయ్యాక దొరికిన తీరికలో చదివి తెలుసుకున్నదే మీ ముందుంచుతున్నాను.

చైనాలో ఆర్థిక సంస్కరణలు 1978 డిసెంబరులో మొదలయ్యాయి. తరువాత కోట్లాది మంది పల్లెలు విడిచి పట్టణాలకు పనికి వెళ్ళారు. అయితే 'హుకోవ్' అనే నివాస నమోదు పద్ధతి వల్ల వలస వచ్చినవారి పిల్లలకు పట్నం బడిలో చోటు దొరకడం కష్టం. అందుచేత ఎందరో బిడ్డలను తాతా నాయనమ్మల దగ్గర వదిలి వెళ్ళారు. దీనికితోడు 1980 నుంచి 2015 వరకు ఒకే బిడ్డ విధానం నడిచింది. నలుగురు పెద్దలు, ఇద్దరు దంపతులు, ఒక్క బిడ్డ - ఇదీ ఆ ఇళ్ళ లెక్క. 2020 జనాభా లెక్కల నాటికి అక్కడ అరవై ఏళ్ళు దాటినవారు 26 కోట్ల పైచిలుకు.

యాన్ యున్‌షియాంగ్ అనే మానవశాస్త్రవేత్త 1970ల్లో ఈశాన్య చైనాలోని షియాజియా గ్రామంలో రైతుగా బతికి, తరువాత పరిశోధకుడిగా మళ్ళీ అక్కడికే వెళ్ళారు. ఆయన చెప్పినదానిలో మంచీ ఉంది, బాధా ఉంది. యువతీయువకులకు నచ్చినవారిని పెళ్ళాడే స్వేచ్ఛ పెరిగింది. ఆలుమగల మధ్య అనురాగం పెరిగింది, కోడలి మాటకు విలువ వచ్చింది. కాని ముసలి తల్లిదండ్రుల మాట చెల్లకుండా పోయింది, వారి ఆలనాపాలనా తగ్గింది. కనుక పాతదంతా బంగారమనీ, కొత్తదంతా ఇత్తడనీ అనడానికి వీల్లేదు.

వేరుగా ఉండే సంతానం పెద్దలను తరచు చూసి వెళ్ళాలని, లేదా యోగక్షేమాలు విచారించాలని 2013 జూలై 1 నుంచి అక్కడ చట్టమే వచ్చింది. ఆ రోజునే వుషీ నగర న్యాయస్థానం, 77 ఏళ్ళ తల్లిని కనీసం రెండు నెలలకోసారి చూసి రావాలని ఒక కూతురిని ఆదేశించింది. మన దేశంలో 2007లో వచ్చిన చట్టం తల్లిదండ్రుల పోషణ గురించి చెప్పింది. వాళ్ళు ఒక అడుగు ముందుకు వేసి పలకరింపును కూడా చట్టంలో చేర్చారు. మిత్రులారా, కోర్టు ఉత్తర్వు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కూతురిని చూస్తే ఆ తల్లి కడుపు నిండుతుందా?

మరో సంగతి. 2006లో నాన్‌జింగ్‌లో బస్‌స్టాపు వద్ద పడిపోయిన ఒక వృద్ధురాలిని ఒక యువకుడు ఆస్పత్రికి చేర్చాడు. తనను పడదోసింది అతడేనని ఆమె దావా వేసింది. తప్పు లేనివాడివైతే ఎందుకు సాయం చేశావన్న ధోరణిలో 2007లో కోర్టు అతడిచేత పరిహారం కట్టమంది. ఢీకొన్న మాట అతడు ఒప్పుకున్నాడని 2012లో అధికారులు వెల్లడించారు. కాని సాయం చేస్తే మెడకు చుట్టుకుంటుందన్న భయం అప్పటికే దేశమంతా పాకింది. 2011లో ఫోషాన్‌లో వాహనం కింద పడిన రెండేళ్ళ పాపను 18 మంది దాటుకుపోయారు. చివరకు ఎత్తుకున్నది చిత్తుకాగితాలు ఏరుకునే ఒక స్త్రీ. పాప దక్కలేదు. ఆపదలో ఆదుకున్నవారిపై బాధ్యత మోపరాదని 2017 అక్టోబరు నుంచి చట్టం చేశారు.

ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తోస్తుంది. రెండవది భయాన్ని తొలగిస్తుంది, అది చట్టం చేయగల పనే. మొదటిది ప్రేమను పుట్టించబోతుంది, అది చట్టానికి చేతకాదు. కూడు పెట్టించగలదు, కబుర్లు చెప్పించలేదు. ఆ చిత్తుకాగితాల స్త్రీకి ఏ చట్టం అండగా ఉంది? ఆమెకు మనసు చెప్పింది, అంతే.

పలకరింపు మనకు కావాలంటే ముందు మనమే పలకరిద్దాం. మన సంఘంలో ఒంటరిగా ఉన్న సభ్యులున్నారు. వారానికొకరి ఇంటికి ఇద్దరిద్దరు వెళ్ళి రావాలని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను.