సోల మనింటి కొలత, గ్రాము మన వ్యాపార కొలత

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, పచ్చళ్లు, పొడులు తయారు చేసే సంఘాల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



మనందరికీ సోల, గిద్దె తెలుసు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇంట్లోకి ఆవకాయ పెట్టుకున్నన్నాళ్లు ఈ లెక్క చాలు. కానీ అమ్మకానికి పెట్టినప్పుడు చాలదు. ఎందుకో చెబుతాను.

కొలత పాత్ర చూసేది ఎంత చోటు నిండిందని. కాటా చూసేది ఎంత బరువుందని. ఈ రెండూ ఒకటి కాదు. 240 మిల్లీలీటర్ల కప్పు తీసుకోండి. నీళ్లు 240 గ్రాములు తూగుతాయి. అదే కప్పుకు పంచదార సుమారు 200, మైదా 120 చిల్లర. మైదా నొక్కి పోస్తే 150 దాకా పోతుంది. నూనె ప్యాకెట్టు చూడండి, లీటరు పక్కనే 910 గ్రాములని ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్త ఉప్పుతో. కల్లుప్పు గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. దంచిన ఉప్పు ఆ ఖాళీని నింపేస్తుంది. అదే సోలకు దంచినది ఎక్కువ తూగుతుంది, కల్లుప్పు తక్కువ తూగుతుంది. దంచిన ఉప్పుకు చెప్పిన కొలతతో కల్లుప్పు పోస్తే పచ్చడికి ఉప్పు చాలదు, బూజు పడుతుంది. ఒక జాడీ పాడైతే పోయేది సరుకొక్కటే కాదు, సంఘం పేరు కూడా.

మరి ఏం చేయాలి? చేయి తిరిగిన పెద్దమ్మను అలవాటు ప్రకారమే కొలవమనండి. ఆమె చేతిని మార్చొద్దు. ఆమె కొలిచిన ప్రతి సోలనూ బేసిన్‌లో వేసే ముందు ఇంకొకరు కాటా మీద పెట్టాలి. ఖాళీ గిన్నె పెట్టి ముందు సున్నా చేసుకోవాలి. మూడు సార్లు తూచి సగటు తీయాలి. దాన్ని ముక్కల బరువుతో భాగించాలి. లెక్క కోసం చెబుతున్నా: 5 కిలోల ముక్కలకు ఉప్పు 1,100 గ్రాములు పడితే, కిలోకు 220. కారం, ఆవపిండి, నూనెకూ ఇంతే. పుస్తకంలో రాసుకోండి. ఆ పెద్దమ్మ రాని రోజున కూడా రుచి అదే వస్తుంది.

ధర కట్టడానికీ ఇదే ఆధారం. మిరపకాయలు కిలోల్లో కొంటాం, కారం సోలల్లో వాడతాం. అలాగైతే జాడీకి ఎంత ఖర్చయిందో ఎలా తెలుస్తుంది? అరకిలో డబ్బాలో 20 గ్రాములు ఎక్కువ పడితే, 100 డబ్బాలకు 2 కిలోల పచ్చడి ఊరికే పోయినట్టు. తక్కువ పడితే కొన్నవారిని మోసం చేసినట్టు.

చట్టం సంగతీ ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికల నిబంధనల ప్రకారం పచ్చడి, పొడి లాంటివాటికి లేబుల్ మీద నికర బరువు వేయాలి. నికర బరువంటే డబ్బా బరువు తీసేసిన బరువు. అమ్మకానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ముద్ర ఏటా వేయించాలి.

సోలను పారేయమనడం లేదమ్మా. అది మన అమ్మమ్మల తెలివి. ఆ తెలివిని గ్రాముల్లో రాసిపెట్టుకుంటే మన కోడళ్లకూ అందుతుంది. వచ్చే మామిడికాయల కాలానికి ప్రతి తయారీ సంఘం దగ్గరా ఒక కాటా, ఒక తూకాల పుస్తకం ఉండేలా గ్రామ సంఘాల్లో తీర్మానం చేయమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.