గింజలో ఫైటేటు, ఒంట్లో ఇనుము

వింజమూరు, ఉదయగిరి మెట్టలో సజ్జ, జొన్న, కంది, పెసర మన పూర్వుల నాటి నుంచీ ఎరిగిన పంటలు. ఈ గింజలు తమ భాస్వరంలో ఎక్కువ భాగాన్ని ఫైటిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. ఇనాసిటాల్ అనే చిన్న అణువుకు ఆరు ఫాస్ఫేట్లు అతికితే అదే ఫైటిక్ ఆమ్లం, అంటే ఫైటేటు. మొలకకు అది మేత. మన పేగుల్లో మాత్రం ఇనుమునూ జింకునూ గట్టిగా పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇందుకు కారణాలు చాలా. గింజలే ప్రధానంగా తినే ఇంట్లో ఫైటేటు కూడా ఒక కారణం.

అలాగని సజ్జసంగటి మానేయమని ఎవరైనా చెబితే వినకండి! గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేజ్ అనే ఎంజైము మేలుకొని ఆ ఫాస్ఫేట్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తుంది. పిండి పులియబెట్టినా ఫైటేటు తగ్గుతుంది. పెసర మొలకల మీద నిమ్మకాయ పిండండి. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి అందిస్తుంది. నిమ్మకు మన జిల్లాలో కొరతా? అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, అదీ ఇనుమును అడ్డుకుంటుంది.

ఫైటేటు చేసే మేలూ ఉంది. మూత్రంలో కాల్షియం స్ఫటికాలు పెరగకుండా అది నిరోధిస్తుంది. ఇక ఫైటేటుకు చుట్టమే అయినా, ఆరు కాక మూడే ఫాస్ఫేట్లున్న ఇనాసిటాల్ మన కణాల్లోనే తయారవుతుంది. హార్మోను కబురు అందగానే అది కణంలో దాగిన కాల్షియాన్ని విడుదల చేయిస్తుందని 1983లో శాస్త్రవేత్తలు చూపారు. రక్తనాళాలు బిగియడం, గ్రంథులు ఊరడం వంటి పనులకు ఆ కాల్షియమే సంకేతం.